పడమటి గాలి ఎటు పోతుంది

మా ఇంటికి తూర్పు పక్కన ఒక ఖాళీ స్థలం ఉంది. ఎమ్మిగనూరులో మేము అద్దెకుండే వీధిలో ఇల్లు కట్టని స్థలం అదొక్కటే. నేల చదునుగా, గట్టిగా ఉంటుంది. మొన్నటి శివరాత్రి దాకా ఒక అవ్వ అక్కడ జొన్నలు తూర్పారబట్టేది. ఇప్పుడు దాని చుట్టూ ముళ్లకంచె ఉంది. ఆ కంచె నా వల్ల వచ్చింది.

పాప పడుకున్నాక మా అమ్మగారింటి వంటింట్లో లైటు కింద కూర్చుని ఇది రాస్తున్నాను. మా ఆయనకు ఇందులో సగమే చెప్పాను. దిక్కు తప్పు చూశానని చెప్పాను. ఏ మాట అన్నానో చెప్పలేదు.

నేను ఆదోనిలో పుట్టి పెరిగాను. పత్తి బళ్లు చూశాను, పత్తి మిల్లుల దుమ్ము చూశాను, కళ్లం మాత్రం చూడలేదు. తూర్పారబట్టడం అనే మాట నాకు టీవీ వార్తల్లోంచి వచ్చింది. ఒక నాయకుడు ఇంకో నాయకుణ్ణి తూర్పారబట్టాడంటే తిట్టిపోశాడని అర్థం. అది గింజనూ పొట్టునూ గాలి చేత వేరు చేయించే పని అని, తిట్టడం తర్వాత వచ్చిన అర్థమని, పెళ్లయి ఈ ఊరు వచ్చాకే కళ్లారా తెలిసింది. అవ్వ ఒక బండమీద నిలబడి చాటను తలపైకెత్తి నెమ్మదిగా వంచేది. గింజలు కాళ్ల దగ్గర పడేవి. పొట్టు గాలితో పోయేది. యంత్రాలున్నాయి గాని మూట రెండు మూటల కోసం యంత్రం రాదు. బజారులో ఒక జొన్నల అంగడాయన అలాంటి చిన్న మూటలన్నీ కూలికి ఆమెకే ఇచ్చేవాడు.

ఇక నా చదువు. డిగ్రీలో భూగోళం చదివాను. పాప కడుపులో పడేదాకా ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకు అదే చెప్పాను. గాలులు, సముద్ర ప్రవాహాలు అనే పాఠమంటే నాకు ప్రాణం. ఆ పాఠంలో పిల్లలు ఒక చోట తప్పకుండా జారేవాళ్లు. గాలికి అది వచ్చే దిక్కు పేరు పెడతారు. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది. సముద్రంలో ప్రవాహానికి అది పోయే దిక్కు పేరు పెడతారు. పడమటి ప్రవాహం అంటే పడమరకు పోయేది. ఒకే దిక్కు, ఒకే మాట, అర్థం ఎదురు. ఎందుకట్లా అని పిల్లలు అడిగితే, గాలి ఏం మోసుకొస్తుందో నేల మీద ఉన్నవాడికి కావాలి, నీళ్లు తనను ఎక్కడికి లాక్కుపోతాయో పడవలో ఉన్నవాడికి కావాలి, అందుకని చెప్పేదాన్ని. పరీక్షలో ఎవరైనా తిరగేసి రాస్తే ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి అర మార్కు కోసేదాన్ని.

పాపకు ఇప్పుడు పదహారు నెలలు. పుట్టిన మొదటి చలికాలం నుంచి ఛాతీలో పిల్లికూతలు. కర్నూలులో డాక్టరు చూసి, దుమ్ముకు దూరంగా ఉంచమన్నాడు. ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. నేను దాన్ని ఇంటికి తెచ్చి రోజుకు వందసార్లు విన్నాను. కిటికీలకు తడి బట్టలు కట్టాను. తలుపు సందులకు పాత చీరలు కుక్కాను. ఫోనులో వాతావరణం చూపించేది ఒకటి పెట్టుకుని, గంట గంటకు గాలి ఎంత ఉందో, ఏ దిక్కో చూసేదాన్ని. మా ఆయన రోజూ బస్సులో ఆదోనికి పోయి వస్తారు. సాయంత్రం తలుపు తీయగానే ముందు కాళ్లు దులుపుకొమ్మని అరిచేదాన్ని. ఆయన నవ్వుతూనే దులుపుకొనేవారు.

అవ్వది కోసిగి పక్క పల్లె. మా వైపు సుగ్గి అని ఒక మాట ఉంది. కన్నడంలోంచి వచ్చింది, సుగ్గి అంటే కోతలకాలం. అక్కడి పల్లెల్లో సుగ్గికి పోవడమంటే మాత్రం ఇంటికి తాళం వేసి, పిల్లలనూ సామాన్లనూ ఎత్తుకుని కూలికి దూరదేశం పోవడం. అవ్వ కొడుకు, కోడలు ఆ చలికాలం గుంటూరు వైపు మిరప కోతలకు పోయారు. మోకాళ్లు పోయిన అవ్వ మాత్రం ఎమ్మిగనూరులో ఒక రేకుల గదిలో ఉండిపోయింది. నన్ను టీచరమ్మా అని పిలిచేది. ఎదురింట్లో జాకెట్లు కుట్టే ఆమెను వీధంతా ఆపా అంటుంది, ఉర్దూలో అక్క అని; నేనూ ఆపా అనే అంటాను. ఆమె మిషను వాకిట్లోనే ఉంటుంది. అవ్వ అక్కడ కూర్చుని నీళ్లు తాగేది.

సంక్రాంతి పోయిన కొత్తలో ఒక మధ్యాహ్నం, పాప దగ్గు నెమ్మదిగా ఉన్న రోజు, నేను కూడా ఆపా వాకిట్లో కూర్చున్నాను. అవ్వ గాలి గురించి ఏదో అంటుంటే నాలోని టీచరు లేచింది. భూమి నడుమ భాగం ఎక్కువ కాగుతుందని, అక్కడ గాలి పైకి లేస్తే ఆ చోటికి రెండు పక్కల నుంచి చల్లగాలి వస్తుందని, భూమి తిరుగుతోంది కాబట్టి ఆ వచ్చే గాలి తిన్నగా రాలేక పక్కకు వంగుతుందని చెప్పాను. ఆపా ఇంట్లోంచి స్టీలు పళ్లెం తెప్పించి పిండి చల్లాను. అవ్వను పళ్లెం ఎడమ పక్కకు తిప్పమని చెప్పి, నడిమి నుంచి ఒక జొన్నగింజను అంచుకు దొర్లించాను. పిండిలో గీత కుడికి వంగి పడింది.

అవ్వ ఆ గీతను చాలాసేపు చూసింది.

“నువ్వు తిన్నగనే ఇడిస్తివి కదమ్మా.”

“తిన్నగనే వదిలినా అవ్వా. కింద పళ్లెం తిరుగుతాంది కదా, అందుకు.”

“మా కోడలూ అంతే. తిన్నగ సెప్పిన మాట పక్కకే పోతాది. నేనే తిరుగుతాండానేమో, ఎవురికి తెలుసు.”

ఆపా నవ్వుకు మిషను ఆగిపోయింది. నేనూ నవ్వాను గాని పాఠం ఆపలేదు. మనకు వానలు తెచ్చే గాలి భూమధ్యరేఖకు అవతల ఆగ్నేయం నుంచి బయల్దేరుతుందని, ఆ రేఖ దాటగానే కుడికి వంగి నైరుతి నుంచి వచ్చినట్టవుతుందని, అది తోస్తే అరేబియా సముద్రంలో నీళ్లు కూడా దారి మార్చుకుంటాయని, చలికాలం గాలి తిరగబడితే ఆ నీళ్లూ తిరగబడతాయని చెప్పాను. ప్రపంచంలో పెద్ద ప్రవాహాలు మామూలుగా ఒకే వైపు పోతాయి, మన సముద్రంలోవి మాత్రం ఏడాదికి రెండుసార్లు వెనక్కి తిరుగుతాయి అన్నాను.

“మా మాదిరి,” అంది అవ్వ. “పోవాల, రావాల.”

తర్వాత పాప వైపు చూసి అడిగింది. “దుమ్ముకే వస్తాదా ఈ దగ్గు?”

అవునన్నాను.

“మా వానికీ వస్తుండె. సిన్నప్పుడు, మిరప సేలల్లో. ఘాటు తగిల్తే వాని మొగం నల్లగయ్యేది. తడిగుడ్డ కట్టి, గాలికి పై పక్క గట్టుమీద కూర్సోబెడ్తాంటి. గాలి తిరిగినప్పుడల్లా వాన్నెత్తి ఇంకో గట్టు మీదికి. కూలి పోయేది, మేస్త్రీ తిట్టేవాడు. ఏం సేద్దుము.”

ఆ మాట ఆమె నాకు చెప్పింది. నేను విన్నాను. ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఆ తర్వాత పది రోజులు అవ్వ పని చేయలేదు. మూటలు తెచ్చి స్థలంలో ఒక మూలన పెట్టి, టార్పాలిన్ కప్పి, ఆపా వాకిట్లో కూర్చునేది. అప్పుడప్పుడు లేచి ఒక పిడికెడు పొట్టు వదిలి చూసి మళ్లీ కూర్చునేది. నేను కిటికీలోంచి చూసి, వయసైపోయింది పాపం, ఓపిక లేదు అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. మూటలకు పురుగు పడుతుందేమో, ఆ పురుగు మా ఇంట్లోకి వస్తుందేమో అని మాత్రం ఆలోచించాను.

పదకొండో రోజుకు ముందు రాత్రి పాప తెల్లవార్లూ దగ్గింది. పొద్దున ఎనిమిదింటికి ఆవిరి మిషను మాస్కు ముఖానికి పెడితే చేతులతో లాగేస్తోంది. కిటికీ సందులోంచి చూస్తే అవ్వ బండెక్కి చాట ఎత్తుతోంది. ఫోను చూశాను. ‘గాలి: పడమర’ అని ఉంది, పక్కన ఒక బాణం గుర్తు. మా ఇల్లు ఆ స్థలానికి పడమట ఉంది. పడమరకు గాలి అనుకున్నాను. ‘పడమర’ పక్కన లేని ‘కు’ను నేను పెట్టుకున్నాను. పాపను మంచం మీద కూర్చోబెట్టి, చెప్పులు కూడా లేకుండా బయటికి పోయాను.

“అవ్వా, ఆపు. చూస్తాండావా, లేదా? మా ఇంట్లోకి కొట్టుకొస్తాంది అంతా.”

ఆమె చాట దించింది. “నీ ఇంటి పక్కకి పోలేదమ్మా. పడమటి గాలి ఇది.”

“పడమటి గాలి అని నాకూ తెలుసు. అందుకే చెప్తాండా.”

“పడమటి గాలయితే నీకేమీ కాదు కదమ్మా,” అంది ఆమె, నేను ఎందుకు అరుస్తున్నానో నిజంగానే అర్థం కాక.

అప్పటికి ఆపా మిషను ఆగింది. కొళాయి దగ్గర ఇద్దరు ముగ్గురు బిందెలు పట్టుకుని నిలబడ్డారు. లోపల నుంచి పాప ఏడుపు. నేను అన్న మాటలు ఇవి, ఒక్కటీ మార్చకుండా రాస్తున్నాను.

“సుగ్గికి పోయేవాళ్లకు ఊరేంది, వీధేంది. యాడ దిగితే ఆడ దుమ్ము లేపి పోతారు. చేలగట్ల మీద బిడ్డల్ని పడేసి పెంచినోళ్లకు నా బిడ్డ దగ్గు ఏం తెలుస్తాది.”

అవ్వ వంగి ఒక పిడికెడు పొట్టు తీసుకుంది. నా ముఖం ముందుకు చెయ్యి చాచి వేళ్లు విప్పింది. పొట్టు నా నుంచి దూరంగా, ఆమె భుజం మీదుగా, తూర్పు వైపు పోయింది. ఒక్క నలుసు కూడా నా మీద పడలేదు.

నేను చూశాను. ఆ క్షణంలోనే నాకు అంతా తెలిసిపోయింది. వచ్చే దిక్కు, పోయే దిక్కు, ఎర్ర పెన్ను, అర మార్కు. అప్పుడు ఒక్క మాట అనివుంటే సరిపోయేది. అనలేదు. “అయినా సరే, ఇక్కడొద్దు,” అని వెనక్కి తిరిగి వచ్చేశాను. తలుపు వేసుకుని స్థలం ఓనరుకు ఫోను చేశాను. మీ స్థలంలో ఎవరో దుమ్ము లేపుతున్నారు, మాకు చంటిబిడ్డ ఉంది అని చెప్పాను. తప్పు చూశానని తెలిసిన తర్వాతే ఆ ఫోను చేశాను. దీనికి సాకు లేదు.

వారం తిరక్కుండా ఆయన మనుషుల్ని పంపి రాతికూసాలు నాటించి ముళ్లతీగ లాగించి, గేటు పెట్టి తాళం వేయించాడు. అవ్వ తన మూటలు ఒక్కొక్కటీ తలమీద పెట్టుకుని ఊరి బయట కాలువ గట్టుకు మోసుకుపోయింది.

ఆపా నాతో మాట్లాడటం మానలేదు. అదే కష్టమైంది. జాకెట్టు కొలత ఇవ్వడానికి పోతే, టేపు నా భుజాల మీద పెట్టి నెమ్మదిగా అంది. “ఏం మేడం, గాలి ఎటుందో సూడకుండానే కొట్లాటకు పోతిరి.”

“ఫోనులో చూసినా ఆపా.”

“ఫోను మీ ఇంట్లోపల ఉండె. గాలి బైట ఉండె.” పిన్నీసు నోట్లో పెట్టుకుని, తీసి, మళ్లీ అంది. “ఆ ముసలామె పది దినాలు నా వాకిట్లో ఎందుకు కూర్సునె అనుకున్యారు? అంగడాయన రెండుసార్లు వచ్చి అరిసిపాయ, పురుగు పడ్తే నీ కూలి లేదు పో అని. తూర్పు గాలి ఉంది, ఇప్పుడు పడ్తే టీచరమ్మ ఇంట్లోకి పోతాది, సంటిబిడ్డ ఉంది, గాలి తిరగనీ అనింది. మీకు సెప్పలేదా?”

చెప్పలేదు. చెప్పాల్సిన పని ఆమెకు తోచి ఉండదు. నేను భూమధ్యరేఖ నుంచి అరేబియా సముద్రం దాకా ఆమెకు చెప్పాను. నా ఇంటి కిటికీ గురించి ఆమె ఒక్క మాటా చెప్పకుండా పది రోజులు కాచుకుంది.

ఇంటికి వచ్చి డిగ్రీ నోట్సు తీశాను. ఎందుకు తీశానో తెలియదు. తప్పు నాది కాదని ఎక్కడైనా రాసి ఉంటుందనేమో. నా చేతిరాతతోనే ఉంది, కింద రెండు గీతలతో: గాలికి వచ్చే దిక్కు, నీటికి పోయే దిక్కు.

మూడు వారాలు గడిచాయి. ఓనరుకు ఫోను చేసి, ఇప్పుడు మాకు ఇబ్బంది లేదు, కంచె అవసరం లేదు అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆయనకు సహజంగానే కోపం వచ్చింది. “మీ మాట మీద వేయిస్తినమ్మా, మళ్లా మీ మాట మీద పీకేయల్నా?” అని పెట్టేశాడు.

చివరికి ఒక పొద్దున పాపను చంకనేసుకుని కాలువ గట్టుకు పోయాను. అవ్వ గట్టుమీద నిలబడి చాట వంచుతోంది. ఎదురుగా పోయి నిలబడ్డాను.

“ఆడ నిలబడొద్దు,” అని అరిచింది. “బిడ్డ మీదికొస్తాది. ఇట్ల రా, ఈ పక్కకి.”

మళ్లీ తప్పు పక్కనే నిలబడ్డాను. చుట్టూ తిరిగి ఆమె వెనక్కి పోయాను. దారిలో అనుకున్న మాటలన్నీ పోయాయి. గాలి గురించి మొదలుపెట్టాను. ఫోనులో అలా ఉంటుంది, గాలికి ఒక పద్ధతి, నీటికి ఒక పద్ధతి, నేను కంగారులో తారుమారు చేశాను, చదువుకుని కూడా ఇంత తప్పు చేశాను అన్నాను. చాలాసేపు చెప్పాను.

ఆమె చాట కింద పెట్టి విన్నది.

“గాలి తప్పు సూసినావు, సరే. అందరూ సూస్తారు. నేనూ సూసినా, మొగమంతా పొట్టు పడిన దినాలుండాయి.” కొంగుతో కళ్లు తుడుచుకుంది, నూగు పడినందుకే. “బిడ్డల్ని పడేసి పెంచినామంటివే. అది యా గాలమ్మా?”

గాలిని ముందు పెట్టుకుని దాని వెనక దాక్కుని వచ్చానని ఆమెకు తెలిసిపోయింది. దిక్కు తారుమారు కావడం పొరపాటు. ఆ మాట పొరపాటు కాదు. నాలో ఎప్పటినుంచో ఉన్నదే నోట్లోకి వచ్చింది. ఆదోని బస్టాండులో సుగ్గి మూటలతో కూర్చున్న కుటుంబాలను చూసి, చిన్నప్పుడు మా అమ్మ నన్ను దగ్గరికి లాక్కునేది. నేనూ పాపను అలాగే లాక్కున్నాను, ఆలోచించకుండా.

“తప్పే అవ్వా,” అన్నాను.

“ఈడ సెప్తే ఎవురింటారు, కొంగలింటాయి. ఆడ అంటివి, ఆడ సెప్పు.” చాట తీసుకుంది. “పో, ఎండెక్కుతాంది. బిడ్డకు తలమీద గుడ్డెయ్యి.”

ఇంటికి వచ్చి ముందు ఓనరుకు ఫోను చేశాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రోజు దుమ్ము మా ఇంటి వైపు రాలేదని, వచ్చిందని అనుకున్నానని, రాలేదని తెలిశాక కూడా మీకు చెప్పానని.

ఆయన అడిగాడు. “మీరు కాలేజీలో జాగ్రఫీ చెప్తారని మీ ఆయన అన్యాడే?”

“అవునండీ. చెప్పేదాన్ని.”

“సరే సరే,” అన్నాడు. ఆ రెండు ముక్కల్లో ఉన్న నవ్వు నాకు రావాల్సిందే. గేటుకు తాళం తీయిస్తానని, ఇల్లు కట్టే దాకా ముసలామెను అక్కడే పని చేసుకోమని చెప్పమని అన్నాడు.

నిన్న పొద్దున కొళాయి వచ్చే సమయానికి అవ్వను రమ్మని ఆపా చేత కబురు పంపాను. ఆమె తలమీద ఒక మూటతో, చంకలో చాటతో వచ్చింది. అదే ఆపా, ఆ బిందెల వాళ్లే, ఒకరిద్దరు ఎక్కువ. నేను గేటు దగ్గర నిలబడి, ఆ రోజు అన్న మాటలు మళ్లీ ఒకసారి పైకి అన్నాను, అన్నది నేనని తెలియడానికి. అవి తప్పుడు మాటలని, ఈమె కొడుకును గాలి తిరిగినప్పుడల్లా గట్టు మార్చి పెంచిందని, నా బిడ్డ కోసం పది దినాలు కాచిందని చెప్పాను. గొంతు చాలా చిన్నగా వచ్చింది. కొళాయి దగ్గర ఒకామె ఏమనింది, ఏమనింది అని పక్కామెను అడిగింది. ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి మొదటిసారి కంటే కష్టంగా ఉంది.

అవ్వ నన్ను క్షమించానని అనలేదు. ఏమీ కాలేదులే అని కూడా అనలేదు. మూట దించి, గేటు తోసి లోపలికి పోయి, ఒక పిడికెడు పొట్టు పైకి ఎత్తి వదిలింది. అది నెమ్మదిగా తేలుతూ మా కిటికీ తడిబట్ట మీదికి వచ్చి అంటుకుంది.

“తూర్పు గాలి,” అంది. “ఈ పొద్దు వద్దులే. తిరిగినాక పడతా.” ఆపా వాకిటి వైపు నడిచింది.

ఆమె మళ్లీ కాచుకోవడానికి కూర్చోబోతోందని అర్థమైంది. ఇంకొక్క రోజు కూడా ఆమె చేత కాపు కాయించే ముఖం నాకు లేదు. పది నిమిషాల్లో పాప బట్టలు, మందులు, ఆవిరి మిషను సంచిలో వేసుకుని బయటికి వచ్చాను.

“అవ్వా, నేను రెండు దినాలు మా అమ్మగారింటికి ఆదోనికి పోతాండా. ఇల్లంతా మూసినా. నువ్వు పట్టుకో.”

ఆమె నన్ను, సంచిని, పాపను చూసింది. తర్వాత వీధి చివరకు, పడమటి వైపు చూసింది.

“ఆదోనికా? గాలి గూడ ఈ పొద్దు ఆడికే పోతాంది కదమ్మా. నువ్వు బస్సు దిగే లోపల నా పొట్టు పోయి మీయమ్మింట్లో కూర్సోనుంటాది.”

కొళాయి దగ్గర వాళ్లంతా నవ్వారు. ఆపా మిషను మీద వంగి నవ్వింది. నా ముఖం మండిపోయింది. పాప మాత్రం వాళ్ల నవ్వు చూసి చేతులు కొట్టింది. అవ్వ ఆ చేతుల వైపు ఒకసారి చూసి, లేచి, చాట అందుకుంది.